గెలుపు లేని ఆటలు మనల్ని ఏమి అడుగుతున్నాయి?

వీడియో గేమ్ అనగానే మన ఇళ్లలో సాధారణంగా రెండు ప్రశ్నలే వినిపిస్తాయి. ఎంతసేపు ఆడావు? ఎంత డబ్బు పోగొట్టావు? ఈ రెండూ అవసరమైన ప్రశ్నలే. కాలమూ ధనమూ మనిషికి అప్పగించబడిన అమానతులు. వాటి లెక్క అడగటం తల్లిదండ్రుల బాధ్యత. అయితే ఈ రెండు ప్రశ్నలతోనే విచారణ ముగించటం వల్ల మూడవది, వీటికంటే లోతైనది, మన దృష్టి నుండి తప్పిపోతున్నది. ఆ ఆట మన పిల్లవాడి చేత ఏమి చేయిస్తున్నది? అతడి చేతికి ఏ పనిని అలవాటు చేస్తున్నది?

గత ఇరవై ఏళ్లుగా పెద్ద కంపెనీల పెట్టుబడితో నిమిత్తం లేకుండా, ఒక్కరుగానో కొద్దిమంది కలిసో తయారుచేస్తున్న ఆటలు కొన్ని ప్రపంచమంతటా చర్చకు వస్తున్నాయి. వీటిని ఇండీ గేమ్స్ అంటున్నారు. వీటిలో కొన్ని కేవలం వినోదం కోసం పుట్టినవి కావు. ముట్టడిలో చిక్కిన పట్టణ ప్రజలు, సరిహద్దు కార్యాలయంలో కూర్చున్న గుమాస్తా, జబ్బుపడిన బిడ్డ పక్కన రాత్రంతా మేలుకున్న తండ్రి, వలస వెళ్లిన భార్య నుండి సందేశం కోసం చూస్తున్న భర్త వీటి కథానాయకులు. వీటిలో చాలావాటికి గెలుపు లేదు. మా వద్ద చదువు పూర్తిచేసుకున్న యువకులు కొందరు వీటి గురించి పదే పదే ప్రశ్నలు వేస్తున్నందువల్ల, వారితో కలిసి కూర్చుని మేము కొన్నింటిని శ్రద్ధగా పరిశీలించాము.

ఈ వ్యాసం ఫత్వా కాదు. వీడియో గేమ్స్ అన్నింటినీ ఒకే గాటన కట్టి మంచివనో చెడ్డవనో తీర్పు చెప్పటం మా ఉద్దేశం కాదు. ఒక ఆటను ఎలా చదవాలి, దానిలోని మేలును ఎలా గుర్తించాలి, దాని లోపాన్ని ఎక్కడ పట్టుకోవాలి అన్నదే ఇక్కడ చర్చనీయాంశం.

నియమమే వాదన

కథకుడు తన వాదనను మాటలతో వినిపిస్తాడు. సినిమా దృశ్యంతో చెబుతుంది. ఆట మాత్రం నియమాలతో చెబుతుంది. ఏ పని చేయనిస్తుంది, ఏ పని చేయనివ్వదు, ఏ పనికి ప్రతిఫలమిస్తుంది, దేనికి శిక్ష వేస్తుంది అన్న వాటిలోనే దాని అభిప్రాయం దాగి ఉంటుంది. అమెరికా పరిశోధకుడు ఇయన్ బోగోస్ట్ 2007లో ప్రచురించిన 'పర్స్యూయేసివ్ గేమ్స్' అనే గ్రంథంలో ఈ విషయాన్నే శాస్త్రీయంగా వివరించారు.

దీనికి తేలికగా అర్థమయ్యే ఉదాహరణ 2003లో ఉరుగ్వే దేశస్థుడు గొంజాలో ఫ్రాస్కా బృందం తయారుచేసిన 'సెప్టెంబర్ 12'. తెరపై మధ్యప్రాచ్యపు పట్టణమొకటి కనిపిస్తుంది. వీధుల్లో స్త్రీలు, పిల్లలు, సామాన్య జనం తిరుగుతుంటారు. వారి మధ్య అక్కడక్కడ ఆయుధధారులు కొందరు ఉంటారు. ఆటగాడి చేతిలో ఉన్నది ఒకే ఒక్క సాధనం, క్షిపణి. ఆయుధధారిని గురిపెట్టి వదిలితే అది కాస్త ఆలస్యంగా వచ్చి పడుతుంది. అప్పటికి అతడు ముందుకు నడిచిపోయి ఉండవచ్చు. ఇళ్లు కూలుతాయి, సామాన్యులు చనిపోతారు. బతికినవారు శవాల దగ్గర నిలబడి ఏడుస్తారు. అలా ఏడ్చినవారిలో కొందరు చూస్తుండగానే ఆయుధధారులుగా మారిపోతారు. ఎన్ని క్షిపణులు వదిలితే అంతమంది పెరుగుతారు. గెలవటానికి మార్గం లేదు. పరిస్థితి మరింత దిగజారకుండా ఉండాలంటే క్షిపణి వదలకుండా ఉండటమొక్కటే దారి.

ఇలాంటి పట్టణాలే పెద్ద కంపెనీల యుద్ధపు ఆటలలోనూ కనిపిస్తాయి. 2007లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ 4' కథలో కొంత భాగం పేరు కూడా లేని ఒక మధ్యప్రాచ్య దేశంలో జరుగుతుంది. అక్కడ వీధి అంటే గురిపెట్టే చోటు మాత్రమే. ఫ్రాస్కా ఆటలో ఆ వీధి మనుషులు నివసించే చోటు. ఈ తేడా బొమ్మల నాణ్యతలో లేదు, నియమంలో ఉన్నది. కాల్చినవాడికి ఒక ఆట పాయింట్లు ఇస్తుంది, మరొకటి అతడు కాల్చిన దాని ఫలితాన్ని ముందు పెడుతుంది.

ఇదే పద్ధతిలో, ఒక్క మాట కూడా పలకకుండా, కుటుంబ జీవితం గురించి చెప్పే చిన్న ఆట ఒకటున్నది. 2007లో జేసన్ రోరర్ రూపొందించిన 'ప్యాసేజ్' ఐదు నిమిషాలలో ముగుస్తుంది. ఒక యువకుడు ఎడమ నుండి కుడికి నడుస్తాడు. ప్రారంభంలోనే ఒక యువతి ఎదురవుతుంది. ఆమెను కలిస్తే ఇద్దరూ జంటగా సాగుతారు. కానీ ఇద్దరికీ చోటు చాలని ఇరుకు సందులలోకి ఇక వెళ్లలేరు. అక్కడున్న పెట్టెలు కొన్ని అందకుండా పోతాయి. కాలం గడిచేకొద్దీ జుట్టు నెరుస్తుంది, నడుము వంగుతుంది. ఒకనాటికి ఆమె మరణిస్తుంది. అతడి నడక మందగిస్తుంది. కొద్దిసేపటికి అతడూ వెళ్లిపోతాడు. న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం 2012లో ఈ ఆటను తన సేకరణలో చేర్చుకున్నది. తోడును కోరుకున్నవాడు కొన్ని లాభాలను వదులుకోవాలి అన్న సంగతిని పెద్దలు ఎంతసేపు ఉపదేశించినా వినని యువకుడు, ఈ ఐదు నిమిషాలలో ఇరుకు సందు ముందు ఆగినప్పుడు తనంతట తానే గ్రహిస్తాడు.

గవాక్షానికి అవతలి వైపు

లూకస్ పోప్ అనే అమెరికన్ జపాన్‌లో నివసిస్తూ దాదాపు ఒంటరిగా తయారుచేసిన 'పేపర్స్, ప్లీజ్' 2013లో విడుదలయింది. అర్‌స్టోట్స్కా అనే కల్పిత దేశం, 1982వ సంవత్సరం. ఆటగాడు సరిహద్దు తనిఖీ గుమాస్తా. వచ్చినవారి పాస్‌పోర్ట్, అనుమతి పత్రం, ఫోటో, తేదీలు సరిచూసి ఆకుపచ్చ ముద్రో ఎర్ర ముద్రో వేయటం అతడి పని. దాదాపు ప్రతిరోజూ ఒక కొత్త నిబంధన వచ్చి చేరుతుంది. జీతం తనిఖీ చేసిన మనుషుల లెక్కన వస్తుంది. రోజుకు మొదటి రెండు తప్పులకు హెచ్చరికతో సరిపెడతారు, ఆ తరువాత ప్రతి తప్పుకూ జీతంలో కోత. సాయంత్రం ఒక పట్టీ ముందుకు వస్తుంది. అద్దె, ఆహారం, వెచ్చదనం, మందులు. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు, మామయ్య ఉన్నారు. డబ్బు చాలకపోతే ఎవరికి ఏది ఆపాలో నిర్ణయించుకోవాలి.

ఒకరోజు ఒక వ్యక్తి వస్తాడు. పత్రాలన్నీ సక్రమంగానే ఉంటాయి. తన వెనుక భార్య వస్తున్నదని, ఆమెపై దయ చూపమని చెప్పి వెళతాడు. ఆమె వస్తుంది. అనుమతి పత్రం లేదు. వెనక్కి వెళితే తనను చంపేస్తారని వేడుకుంటుంది. ముద్ర మీ చేతిలో ఉన్నది. ఆమెను పంపితే అది మీ ఖాతాలో తప్పుగా నమోదవుతుంది. ఆనాటికి అది మూడవ తప్పు అయితే, ఇంట్లో కొడుకు మందుకు డబ్బు తగ్గుతుంది.

గల్ఫ్ దేశాలకు వెళ్లివచ్చే మన సోదరులకు ఇలాంటి గవాక్షం కొత్త కాదు. పాస్‌పోర్ట్, వీసా కాగితం చేతబట్టుకుని, లోపల కూర్చున్న మనిషి ముఖం వంక చూస్తూ నిలబడిన అనుభవం మన ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు ఉన్నది. ఈ ఆట మనల్ని ఇవతలి నుండి లేపి అవతల కూర్చోబెడుతుంది. గంటసేపు ఆడిన తరువాత ఆటగాడు తనలో ఒక మార్పును గమనిస్తాడు. ఎదుటివాడి ముఖాన్ని ఫోటోతో పోల్చటానికి తప్ప చూడటం మానివేసి ఉంటాడు. అతడు చెప్పే కథ పనికి అడ్డంగా తోస్తుంది. క్రూరుడు కానివాడు కూడా క్రూరమైన పనిని ఎలా చేయగలుగుతాడో ఏ ఉపన్యాసమూ ఇంత స్పష్టంగా చూపలేదు. ఈ ఆట బలం ఇదే.

దీని బలహీనత కూడా ఇక్కడే ఉన్నది. గుమాస్తా కుటుంబం ఆటలో ప్రధానంగా ఆ సాయంత్రపు పట్టీలోని కొన్ని మాటలుగానే మిగిలిపోతుంది. చలి, ఆకలి, జబ్బు. భార్యతో ఒక సంభాషణ లేదు, పిల్లవాడి ప్రశ్న లేదు. ఏ కుటుంబం కోసం అతడు ఇంత చేస్తున్నాడో ఆ కుటుంబం మనకు లెక్కగానే తెలుస్తుంది. దయకు వెల ఉన్నదని ఆట చక్కగా చెబుతుంది. కానీ ఆ వెల చెల్లించి నిలబడిన ఇంట్లో ఏముంటుందో చూపదు. మరొక సంగతి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. అనుమానితులను యంత్రంతో తనిఖీ చేసే సన్నివేశాలలో నగ్న చిత్రాలు ఉన్నాయి. సెట్టింగ్స్‌లో వాటిని మరుగుపరచే వీలున్నది. అయినప్పటికీ ఇది పిల్లల ఆట ఎంతమాత్రం కాదు.

ముసలి దంపతుల ఇల్లు

మా చర్చలలో ఎక్కువ కాలం సాగినది 'దిస్ వార్ ఆఫ్ మైన్' గురించే. పోలండ్ రాజధాని వార్సాలోని 11 బిట్ స్టూడియోస్ దీనిని 2014 నవంబర్‌లో విడుదల చేసింది. దీనికి ప్రేరణ 1992 ఏప్రిల్ నుండి 1996 ఫిబ్రవరి వరకు బోస్నియా రాజధాని సరజేవోపై సాగిన ముట్టడి. దాదాపు నాలుగేళ్లపాటు కొండల మీది నుండి ఫిరంగులు, స్నైపర్ తుపాకులు ఆ పట్టణాన్ని చుట్టుముట్టి ఉండగా ప్రజలు నీటి కోసం, రొట్టె కోసం, వంటచెరకు కోసం ప్రాణాలకు తెగించి వీధులు దాటారు.

ఈ ఆటలో సైనికుడు కథానాయకుడు కాదు. శిథిలమైన ఒక ఇంట్లో తలదాచుకున్న కొద్దిమంది పౌరుల యోగక్షేమం ఆటగాడి బాధ్యత. ఒకరు వంటవాడు, ఒకరు పూర్వపు ఫుట్‌బాల్ ఆటగాడు, ఒకరు విలేకరి. పగటివేళ స్నైపర్ల భయం వల్ల బయటికి వెళ్లలేరు. పొయ్యి వేయాలి, మంచం చేసుకోవాలి, కిటికీ కంతలు మూయాలి. రాత్రివేళ ఒకరు బయటికి వెళ్లి దొరికినది తెచ్చుకోవాలి. యుద్ధం ఎన్నడు ముగుస్తుందో చెప్పరు. నచ్చిన చోట ఆటను భద్రపరచుకుని, తప్పు జరిగితే ఆ క్షణానికే వెనక్కి వచ్చే సౌకర్యం కూడా లేదు.

వెతకగలిగిన చోట్లలో ఒక నిశ్శబ్దమైన ఇల్లు ఉన్నది. అందులో ఒక ముసలి దంపతులు ఉంటారు. వారి దగ్గర ఆయుధం లేదు. వంటగదిలో ఆహారం, పెట్టెలో మందులు ఉన్నాయి. ముసలాయన వెంట వచ్చి బతిమాలుకుంటాడు తప్ప అడ్డుకోలేడు. మన ఇంట్లో ఒకరు ఆకలితో, ఒకరు జ్వరంతో ఉన్నారు. తీసుకోవచ్చా?

తీసుకుంటే ఆట శిక్ష వేయదు. పోలీసు రాడు, పాయింట్లు తగ్గవు. కానీ తెచ్చినవాడు ఇంటికి చేరాక మాటాడడు. దిగులు అతడిని, కొన్నిసార్లు ఇంట్లోని మిగిలినవారిని కూడా ఆవరిస్తుంది. కొన్ని రోజుల తరువాత ఆ ఇంటికి తిరిగి వెళితే ఆ దంపతులు విగతజీవులై కనిపిస్తారు.

ఈ సన్నివేశం చూసినప్పుడు మదరసా విద్యార్థులకు వెంటనే ఒక పాఠం గుర్తుకు వస్తుంది. ఫిఖ్ గ్రంథాలలో ఇజ్తిరార్, అనగా ప్రాణాపాయపు నిర్బంధ స్థితి, అనే అంశం విపులంగా చర్చించబడింది. ఆకలితో మరణించబోయేవాడు పరుల ఆహారాన్ని తీసుకోవచ్చునా? తీసుకోవచ్చు, అయితే ప్రాణం నిలిచే మేరకే, అది కూడా యజమాని స్వయంగా అదే ఆకలిలో లేనప్పుడు మాత్రమే. అతడూ అదే స్థితిలో ఉంటే అతడి ముద్ద అతడిదే, దానిని లాక్కునే హక్కు ఎవరికీ లేదు. తీసుకోవటం ధర్మసమ్మతమైన సందర్భంలో కూడా దాని వెల తరువాత చెల్లించాలని అత్యధిక ఫుఖహాల అభిప్రాయం. నిర్బంధం పాపాన్ని తొలగిస్తుంది కానీ ఎదుటివాడి హక్కును తొలగించదు. 19వ శతాబ్దంలో ఉస్మానీయ ప్రభుత్వం క్రోడీకరించిన మజల్లా 33వ అధికరణ సారాంశం కూడా ఇదే.

ఈ కొలబద్దతో చూస్తే ఆట ఎంతవరకు వచ్చి ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది. యుద్ధం మనిషిని ఎలాంటి ప్రశ్న ముందు నిలబెడుతుందో అది నిజాయితీగా చూపింది. గెలుపు కోసం దోచుకోవటాన్ని అలవాటుగా నేర్పే వందలాది ఆటల మధ్య, దోచుకున్న తరువాత రాత్రి నిద్రపట్టదని చెప్పిన ఆట ఇది. అది గొప్ప విషయమే. కానీ ఆ దుఃఖాన్ని ఆట ఎవరి ఖాతాలో వేసింది? తీసుకున్నవాడి ఖాతాలో. అతడు దిగులుగా ఉన్నాడు, కృంగిపోయాడు, ఇక లేవలేకపోతున్నాడు అని తెరపై సూచన వస్తుంది. ఇరుగుపొరుగుకు సాయపడితే, తోటివారు ఓదార్చితే ఆ దిగులు తేలికపడుతుంది. ముసలి దంపతులకు చెల్లించవలసినది మాత్రం ఎక్కడా లెక్కలోకి రాదు. అపరాధం ఇక్కడ మనసుకు పట్టిన జబ్బుగా ఉన్నది, తీర్చవలసిన అప్పుగా లేదు.

మా విద్యార్థులలో ఒకడు దీనికి ఒక సమాధానం ఇచ్చాడు. "ఉస్తాద్, చెల్లించటానికి వారు మిగిలి లేరు కదా, ఆట చెబుతున్నది అదే కదా!" అన్నాడు. ఈ వాదనలో బలమున్నది. చెల్లించలేని అప్పు మిగిలిపోవటమే యుద్ధపు అసలు ఘోరమని ఆట ఉద్దేశమై ఉండవచ్చు. కానీ బతికి ఉన్నవారి ఇళ్లు కూడా ఆ ఆటలో ఉన్నాయి. వారి విషయంలోనూ తిరిగి ఇవ్వటం అనే క్రియకు ఆట ప్రాముఖ్యం ఇవ్వలేదు. తీసుకోవటానికి ఒక మీట ఉన్నప్పుడు తిరిగి ఇవ్వటానికి కూడా ఒకటి ఉండి ఉంటే బాగుండేదన్నది మా అభిప్రాయం.

2020లో పోలండ్ ప్రభుత్వం ఈ ఆటను ఉన్నత పాఠశాల విద్యార్థులకు సిఫారసు చేసే పట్టికలో చేర్చింది. ఒక వీడియో గేమ్‌కు ఇటువంటి స్థానం దక్కటం విశేషం. అయితే 18 ఏళ్లు నిండినవారికే అన్న నియమం పెట్టారు. హింస, మద్యం, ఒక సైనికుడు స్త్రీని బెదిరించే సన్నివేశం ఇందులో ఉన్నాయి గనుక ఆ నియమం సబబైనదే.

ఎవరి కథను ఎవరు చెబుతున్నారు?

'దిస్ వార్ ఆఫ్ మైన్' సరజేవోను ప్రేరణగా తీసుకున్నా, ఆటలోని పట్టణానికి పొగోరెన్ అనే కల్పిత నామం పెట్టింది. ఎవరు ముట్టడించారు, ఎందుకు ముట్టడించారు అన్న ప్రశ్నను పక్కన పెట్టింది. ఏ దేశంవాడైనా అందులో తనను చూసుకోగలగటం దీని మేలు. ఒక నిర్దిష్టమైన జాతికి జరిగిన అన్యాయం ఎవరికైనా జరగగల ఆపదగా పలచబడిపోవటం దీని నష్టం. ఈ కారణంగానే, నిజమైన చోట్ల పేర్లతో తయారైన ఆటలను కూడా పక్కన పెట్టి చూడవలసి ఉన్నది.

2017లో ఫ్రాన్స్‌కు చెందిన ది పిక్సెల్ హంట్ సంస్థ విడుదల చేసిన 'బరీ మి, మై లవ్' సిరియా నుండి బయలుదేరిన నూర్ అనే యువతి కథ. ఫ్రెంచి దినపత్రిక 'ల మోంద్' 2015లో ప్రచురించిన, ఒక సిరియా యువతి వాట్సాప్ సందేశాలతో కూడిన కథనం దీనికి మూలం. నూర్ హోమ్స్ నగరం నుండి ఐరోపాకు బయలుదేరుతుంది. భర్త మజ్ద్ పెద్దవారిని చూసుకోవటానికి వెనుక ఉండిపోతాడు. ఆటగాడు ఆ భర్త స్థానంలో ఉంటాడు. ఆట మొత్తం ఫోన్ సందేశాలలోనే నడుస్తుంది. ఏ దారిన వెళ్లాలి, ఎవరిని నమ్మాలి అని ఆమె అడుగుతుంది, మనం సలహా చెబుతాము. ఒక్కొక్కసారి ఆమె వినదు. ఫోన్‌లో వచ్చిన ఈ ఆటలో సమయం నిజంగానే గడుస్తుంది. సముద్రం దాటుతున్నానని సందేశం వచ్చిన తరువాత గంటల తరబడి మౌనం ఉండవచ్చు. ముగింపులు 19 రకాలు ఉన్నాయి. అన్నీ క్షేమంగా ముగిసేవి కావు.

పేరు వినగానే విడ్డూరంగా తోచే ఆ పదబంధం షామ్ ప్రాంతపు అరబీ వాడుకలో అతి సామాన్యమైన ప్రేమపూర్వక సంబోధన. నన్ను నీవే పాతిపెట్టాలి, నీ మరణం నేను చూడకూడదు అని దాని భావం. మన తెలుగు తల్లులు నా ఆయుష్షు కూడా పోసుకుని బతుకు అని దీవించటంలో ఉన్న ప్రేమ ఇదే. ఈ ఆటలో చేతికి దాదాపు పని లేదు. సందేశం పంపటం, తరువాత ఎదురుచూడటం, అంతే. దూరాన ఉన్నవారికి మనం చేయగలిగినది ఎంత స్వల్పమో ఆ నియమమే చెబుతుంది.

పాలస్తీనాలోని నాబ్లుస్ వాసి రషీద్ అబూ ఈద్ 2016లో తయారుచేసిన 'లైలా అండ్ ది షాడోస్ ఆఫ్ వార్' వయసులో దీనికంటే ముందుది, నిడివిలో చిన్నది. 2014 నాటి గాజా యుద్ధం దీని నేపథ్యం. నల్లని నీడ బొమ్మలు. ఒక తండ్రి భార్యాబిడ్డలను కాపాడుకోవటానికి పరుగెడుతుంటాడు. సముద్రపు ఒడ్డున బంతి ఆడుకుంటున్న పిల్లలు కనిపిస్తారు. ఆ సంవత్సరం జూలైలో గాజా తీరంలో అలా ఆడుకుంటూ నలుగురు బాలురు దాడిలో మరణించటం ప్రపంచమెరిగిన విషయం. దారిలో ఆటగాడికి ఎంపికలు ఇస్తారు. ఏది ఎంచుకున్నా కూతురు దక్కదు. ఎంపిక ఉన్నట్లు కనిపించి లేకపోవటమే ఈ ఆట వాదన. జాగ్రత్తగా ఉంటే బతికేవారు కదా అని దూరాన కూర్చుని చెప్పేవారికి ఇది సమాధానం.

ఈ ఆటను యాపిల్ సంస్థ మొదట ఆటల విభాగంలో చేర్చటానికి అంగీకరించలేదు. వార్తలు లేదా సమాచార విభాగంలో పెట్టమన్నది. విమర్శలు వెల్లువెత్తిన తరువాత నిర్ణయం మార్చుకున్నది. తుపాకి పట్టి కాల్చేవి ఆటలుగా నిరాక్షేపణీయంగా చెలామణి అవుతున్న చోట, బిడ్డను కాపాడుకోవటానికి పరుగెత్తే తండ్రి కథ ఆట అవునా కాదా అన్న సందేహం తలెత్తటం గమనించదగినది. అదే నిర్మాత 1948 నాటి నక్బా నేపథ్యంలో 'డ్రీమ్స్ ఆన్ ఎ పిల్లో' అనే మరొక ఆట కోసం 2024లో లాంచ్‌గుడ్ వేదిక ద్వారా ప్రజల నుండి విరాళాలు సేకరించారు.

ఖర్చు లేని జాలి

ఇంతవరకు ఈ ఆటల మేలు గురించి ఎక్కువ చెప్పాము. ఇప్పుడు వాటన్నింటికీ వర్తించే ఒక గట్టి అభ్యంతరాన్ని ముందు పెట్టాలి. ఆటలో జరిగినది వెనక్కి తీసుకోవచ్చు. ఒక ముగింపు నచ్చకపోతే మళ్లీ మొదటి నుండి ప్రారంభించవచ్చు. నూర్ ఒకసారి సముద్రంలో మునిగితే రెండవసారి వేరే దారి చూపవచ్చు. నిజమైన నూర్‌కు రెండవ సారి లేదు. 19 ముగింపులనూ చూడాలన్న కుతూహలం మొదలైన క్షణం నుండి ఆమె కష్టం ఒక చిక్కుముడిగా మారిపోతుంది. నిజ జీవితంలో మనిషి తన తప్పును తుడిచివేయలేడు. పశ్చాత్తాపపడగలడు, సరిదిద్దుకోగలడు, హక్కుదారుకు చెల్లించగలడు. ఇవన్నీ ముందుకు నడిచే పనులు. వెనక్కి వెళ్లే మీటకు అలవాటుపడిన మనసు ముందుకు నడిచే ఈ కష్టమైన దారిని మరచిపోయే ప్రమాదమున్నది.

దీనికి మరొక ముఖాన్ని 'దట్ డ్రాగన్, క్యాన్సర్' అనే ఆట చరిత్రలో చూస్తాము. అమెరికాకు చెందిన రయాన్ గ్రీన్, ఏమీ గ్రీన్ అనే క్రైస్తవ దంపతుల కుమారుడు జోయెల్‌కు ఏడాది వయసులో అరుదైన మెదడు క్యాన్సర్ బయటపడింది. 2014లో, ఐదేళ్ల వయసులో, అతడు మరణించాడు. ఆ తల్లిదండ్రులు మిత్రులతో కలిసి తమ అనుభవాన్ని ఆటగా రూపొందించి 2016 జనవరిలో విడుదల చేశారు. అందులో ఆస్పత్రి రాత్రి ఒకటున్నది. బిడ్డ దాహంతో, నొప్పితో ఏడుస్తుంటాడు. ఎత్తుకోవటం, నీళ్లు పట్టటం, అటూ ఇటూ తిప్పటం, ఆటగాడు ఏది చేసినా ఏడుపు ఆగదు. చివరికి తండ్రికి ప్రార్థన తప్ప మరేదీ మిగలదు. మీట నొక్కితే ఫలితం రావాలన్న ఆటల మూల సూత్రాన్నే ఈ ఘట్టం కాదన్నది. మతం వేరైనా, ఆస్పత్రి వరండాలో దుఆ కోసం చేతులెత్తిన ప్రతి తండ్రికీ ఆ రాత్రి అర్థమవుతుంది.

అయితే జరిగినదేమిటి? ఈ ఆటను కొని ఆడినవారికంటే, వేరొకరు ఆడుతుండగా యూట్యూబ్‌లో మొదటి నుండి చివరి దాకా చూసి కన్నీరు పెట్టుకుని వెళ్లిపోయినవారు చాలా ఎక్కువ. తమ శ్రమకు తగిన రాబడి రాలేదని రయాన్ గ్రీన్ అదే సంవత్సరం బహిరంగంగా రాశారు. ఒక కుటుంబపు దుఃఖం లక్షలాది మందికి ఉచితంగా దొరికే సాయంకాలపు కాలక్షేపమైపోయింది. మేము దీనిని కేవలం వ్యాపార నష్టంగా చూడటం లేదు. ఏడ్చినందువల్లనే మనం మంచివారమైపోయామన్న తృప్తి చాలా చవకగా లభించటమే ఇక్కడి సమస్య. కన్నీరు మంచిదే. కానీ అది ఎవరి హక్కునూ తీర్చదు.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉన్నది. 2022లో ఉక్రెయిన్‌పై యుద్ధం ప్రారంభమైనప్పుడు 'దిస్ వార్ ఆఫ్ మైన్' నిర్మాతలు ఏడు రోజుల అమ్మకాల రాబడిని ఉక్రెయిన్ రెడ్‌క్రాస్‌కు ఇచ్చారు. తెరపై చూపిన జాలి ఆ వారం రోజులు తెర దాటి బయటికి వచ్చింది. ఆటలోపల మాకు లోపంగా తోచిన క్రియను నిర్మాతలు ఆట బయట చేశారని చెప్పవచ్చు.

ఇంట్లో ఏమి చేయాలి?

పిల్లవాడి చేతిలోని ఫోన్‌ను లాక్కోవటం సులభం. ఆ ఆట ఏమిటో కూర్చుని చూడటం కష్టం. తల్లిదండ్రులు ఈ కష్టమైన పనికి కొంత సమయం కేటాయించాలని మా మనవి. మేము ప్రస్తావించిన యుద్ధపు ఆటలు, సరిహద్దు ఆట పెద్దవారికి ఉద్దేశించినవి. చిన్నపిల్లలకు ఇవ్వవద్దు. యౌవనంలో ఉన్న బిడ్డలతో మాత్రం కలిసి చూడవచ్చు. 'ప్యాసేజ్' వంటి చిన్న ఆట అయితే ఇంటిల్లిపాదీ ఐదు నిమిషాలలో చూసి అరగంట మాట్లాడుకోవచ్చు. ఇవి ఆంగ్లం తెలిసినవారికే ఎక్కువగా అందుతాయి గనుక, కొడుకో కూతురో చదివి తల్లికి తెలుగులోనో ఉర్దూలోనో అర్థం చెప్పటమే ఒక మంచి సంభాషణకు నాంది అవుతుంది.

ఏ ఆట విషయంలోనైనా నాలుగు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఈ ఆట ఏ పనికి ప్రతిఫలమిస్తున్నది? ఎదుటి మనిషి ఇందులో మనిషిగా ఉన్నాడా, గురిపెట్టే వస్తువుగా ఉన్నాడా? తప్పు చేసినప్పుడు దాని భారం ఎవరి మీద పడుతున్నది? ఆట ముగిసి తెర ఆరిన తరువాత నేను చేయవలసినది ఏదైనా మిగిలిందా?

నాలుగవ ప్రశ్నకు జవాబు తెరలో దొరకదు. ముసలి దంపతుల కోసం బాధపడిన యువకుడు తన వీధిలో ఒంటరిగా ఉన్న వృద్ధుల తలుపు తట్టాడా? నూర్ సందేశం కోసం గంటలు ఎదురుచూసినవాడు ఊరిలో ఉన్న తల్లికి ఫోన్ చేశాడా? గుమాస్తాగా కూర్చుని ముద్ర వేసినవాడు రేపు నిజంగానే ఏ కార్యాలయంలోనో కూర్చున్నప్పుడు, గవాక్షం ముందు నిలబడిన మనిషి ముఖం వంక చూస్తాడా? ఈ ప్రశ్నలకు అవునని జవాబు వస్తే ఆ ఆటపై ఖర్చు చేసిన కాలానికి లెక్క దొరికినట్లే. రాకపోతే, అది ఎంత గొప్ప కళ అని పేరుపొందినా, మన ఇంటి వరకు అది కాలక్షేపంగానే మిగిలిపోతుంది.